పండుగప్పకి కొలత కావాలి

మా గాలాల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక ఫొటో వచ్చింది. యానాం దిగువన, గోదావరి గౌతమి పాయలో పట్టిన పండుగప్ప. పట్టినతను మొప్పల్లోకి వేళ్ళు దూర్చి భుజం ఎత్తుకి లేపి పట్టుకుంటే తోక మోకాళ్ళు దాటి కిందకి వేలాడుతోంది. కింద వరసగా కామెంట్లు: "రాక్షసి అన్నా!", "ఎన్ని కేజీలు?", "ఏ లూరుకి పడింది?" (లూరంటే ఉత్తుత్తి ఎర), "ఎంతకి అడిగారు?" వంద మంది పైగా ఉన్న గ్రూపులో అది ఎన్ని సెంటీమీటర్లో అడిగినవాడు ఒక్కడూ లేడు. మనం చేపని తూకంలో చూస్తాం, లేదా రేటులో చూస్తాం. పొడుగుతో మనకి పని లేదు.

నా గోల అంతా ఆ పొడుగు గురించే. సరదాకి గాలం వేసేవాళ్ళకి మన దగ్గర ఒక కొలత ఉండాలంటాను. ఇంతకన్నా చిన్నది ఇంటికి తేకూడదు, ఇంతకన్నా పెద్దదీ తేకూడదు, మధ్యలోది హాయిగా వండుకోవచ్చు. పట్టిన ప్రతి చేపకీ ముద్దుపెట్టి నీళ్ళలోకి వదిలెయ్యమని నేను చెప్పడం లేదు. ఆ మతం నాకు పట్టదు, ఎందుకో తర్వాత చెప్తాను. చిన్నదాన్ని వదలాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు, పాపం పిల్ల అంటారు. పెద్దదాన్ని ఎందుకు వదలాలి అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. కాబట్టి అక్కడి నుంచే వస్తాను.

పండుగప్ప మగదిగా పెద్దదవుతుంది. మూడు నాలుగేళ్ళకి మగచేపగా ఈడుకొస్తుంది. అలా కొన్నేళ్ళు గడిచాక, సుమారు 80 నుంచి 100 సెంటీమీటర్ల పొడుగు వచ్చే వయసులో, ఆడదిగా మారిపోతుంది. కాబట్టి ఏటిలో ఉన్న భారీ పండుగప్పలు దాదాపు అన్నీ ఆడవే. అంత పెద్ద ఆడచేప ఒక కాలంలో కొన్ని కోట్ల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు బతకాలంటే ఉప్పునీళ్ళు కావాలి, అందుకే అది ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి దిగి పెడుతుంది. పిల్లలు మడ అడవుల్లో, ఉప్పుటేళ్ళలో తలదాచుకుని, కాస్త ఎదిగాక మంచినీళ్ళలోకి ఎక్కుతాయి. కాలవల్లో, వరద దిగాక మిగిలే మడుగుల్లో అప్పుడప్పుడు పండుగప్ప తగలడం అందుకే.

ఇప్పుడు ఆ ఫొటో మళ్ళీ చూడండి. అంత చేప అవడానికి దానికి ఎనిమిదేళ్ళో పదేళ్ళో పట్టి ఉంటుంది. దాని ఈడువి ఎన్ని వలల్లో పోయాయో, ఎన్ని పిల్లగా ఉన్నప్పుడే పోయాయో లెక్క లేదు. తప్పించుకుని నిలిచి, మగతనం దాటి, గుడ్లు పెట్టే దశకి వచ్చాక మనవాడి లూరుకి పడింది. చిన్నవి పట్టేస్తే మగవి ఉండవు, పెద్దవి పట్టేస్తే ఆడవి ఉండవు. రెండు వైపులా కొలత పెడితే తప్ప ఈ చేపకి దారి లేదు.

ఇదేదో నేను కూర్చుని కనిపెట్టింది కాదు. ఉద్యోగం పేరుతో కొన్నేళ్ళు బ్రిస్బేన్‌లో ఉన్నప్పుడు చూసి నేర్చుకున్నది. ఆస్ట్రేలియావాళ్ళు బారముండి అని ప్రాణం పెట్టే చేప మన పండుగప్పే. క్వీన్స్‌ల్యాండ్‌లో దానికి కింది హద్దు 58 సెంటీమీటర్లు, పై హద్దు 120. తూర్పు తీరంలో నవంబరు మొదటి తేదీ నుంచి ఫిబ్రవరి మొదటి తేదీ దాకా, అంటే అది గుడ్లు పెట్టే కాలంలో, అసలు దాని జోలికే వెళ్ళకూడదు. పక్కనే ఉన్న నార్తర్న్ టెరిటరీలో అయితే 2015 నుంచి బారముండికి నంబరు చీటీలు తగిలించి ఏట్లోకి వదిలి, ఫలానా చీటీ ఉన్న చేప పడితే పది లక్షల డాలర్లు ఇస్తామని పోటీలు పెడుతున్నారు. అంత పిచ్చి వాళ్ళకి ఆ చేపంటే. అంత పిచ్చి ఉన్నవాళ్ళే టేపు పెట్టి కొలిచి మరీ వదిలేస్తారు.

నేను అక్కడ ఎక్కువగా గాలం వేసింది మాత్రం బారముండికి కాదు. అది ఉత్తరాన వేడి నీళ్ళ చేప. బ్రిస్బేన్ పక్కనుండే మోర్టన్ బేలో దొరికేవి వైటింగ్, బ్రీమ్, ఫ్లాట్‌హెడ్. ఎర సంపాదించడమే అక్కడ సగం సరదా. సముద్రం వెనక్కి తీసి పాటు బాగా దిగాక ఇసుక మేటల మీద చిన్న చిన్న బెజ్జాలు కనిపిస్తాయి. వాటి కింద యాబీలు ఉంటాయి, వేలెడు కూడా లేని పాలిపోయిన రొయ్య లాంటి జీవాలు, ఒక డెక్క మాత్రం ఒంటికి మించి ఉంటుంది. స్టీలు గొట్టంలో పిడి పైకి లాగితే పనిచేసే పంపు ఒకటి ఉంటుంది. దాన్ని బెజ్జం మీద నిలబెట్టి, ఇసుకలోకి నొక్కుతూ పిడి లాగి, లోపలికి వచ్చిన బురదనంతా పక్కన చిమ్మాలి. ఆ గుజ్జులో కదిలేవాటిని చకచకా ఏరుకోవాలి. లేటు చేస్తే మళ్ళీ ఇసుకలోకి జారిపోతాయి. డెక్క ఉన్నవైపు పట్టుకుంటే వేలు పట్టేస్తాయి కూడా. ఒంగి ఒంగి నడుము విరిగాక, పోటు మళ్ళీ ఎక్కుతుంటే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, సన్నటి గాలానికి యాబీని తోక నుంచి గుచ్చి, నీళ్ళు వచ్చే వైపు విసరాలి. వైటింగ్ ఠకఠక కొడుతుంది. ఆ తాకిడి దారంలో నుంచి చూపుడు వేలికి తెలుస్తుంది. మా ఊళ్ళో బెండు మునగడం కంటితో చూసి లాగడం అలవాటైనవాడికి, వేలితో వినడం అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

వైటింగ్‌కి కింది హద్దు 23 సెంటీమీటర్లు. బ్రీమ్‌కి 25. ఫ్లాట్‌హెడ్‌కి 40 నుంచి 75, ఎందుకంటే అందులోనూ భారీవి ఆడవే. ఈ అంకెలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, ఎక్కాలు మరిచిపోయాను గానీ. అక్కడ సామాన్ల పెట్టెలో రీలు ఏదున్నా లేకపోయినా కొలత పట్టా ఉంటుంది. ఒక చివర నిలువుగా చిన్న గోడ లాంటి అంచు, దానికి చేప మూతి ఆనించి, తోక చదును చేసి చూడాలి. కొందరు పడవ అంచుకే స్టిక్కరు అంటించుకుంటారు. ఒకసారి పడవలు దించే ర్యాంపు దగ్గర ఫిషరీస్ ఆఫీసరు ఒకాయన ఐస్ పెట్టెలన్నీ తెరిపించి చూస్తున్నాడు. నా ముందున్న పెద్దాయన దగ్గర ఫ్లాట్‌హెడ్ ఒకటి అటూ ఇటూగా ఉంది. ఆఫీసరు పట్టా మీద పెట్టి, మూతి మళ్ళీ సరిచేసి, తోక రెండు అంచులూ వేళ్ళతో దగ్గరికి నొక్కి చూశాడు. సరిగ్గా గీత మీదికి వచ్చింది. ఇద్దరూ ఏదో జోకు వేసుకుని నవ్వుకున్నారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి, నా పెట్టెలో ఉన్నవన్నీ హద్దు దాటినవే అయినా సరే. ఆ టెన్షన్ నాకు మంచిదే అనిపించింది. మనిషిని కొలత గీత మీద నిజాయితీగా నిలబెట్టేది ఎవరో ఒకరు పెట్టె తెరిపిస్తారన్న అనుమానమే. మనం స్వతహాగా మంచివాళ్ళం అన్న ధీమా మీద ఏ ఏరూ బతకదు.

అక్కడి డ్యాముల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బండబెర్గ్ దగ్గర మోండురాన్, గ్లాడ్‌స్టన్ దగ్గర అవూంగా అనే జలాశయాల్లో బారముండిని పెంచుతారు. ఉప్పునీళ్ళు లేవు కాబట్టి అక్కడ అవి గుడ్లు పెట్టి పిల్లల్ని కనలేవు. పిల్లల్ని హేచరీ నుంచి తెచ్చి వదలాలి. ఆ డబ్బు ఎక్కడిది? సముద్రంలో, మామూలు ఏళ్ళలో గాలం వేయడానికి క్వీన్స్‌ల్యాండ్‌లో లైసెన్సు లేదు, కానీ మోండురాన్ లాంటి డ్యాముల్లో వేయాలంటే పర్మిట్ కొనాలి. ఆ పర్మిట్ సొమ్ములో ఎక్కువ భాగం ఆ డ్యాములో చేపపిల్లలు వదిలే స్థానిక సంఘాలకే తిరిగి వెళ్తుంది. ఇంకో చిన్న సంగతి. ఆ డ్యాముల్లో 120 దాటిన బారముండిని ఒకదాన్ని ఉంచుకోనిస్తారు. పిల్లల్ని కనే అవకాశమే లేని చోట తల్లిని కాపాడి ఏం లాభం? కారణం ఉన్నచోట రూలు పెట్టారు, లేనిచోట సడలించారు. రూలు అంటే జనానికి గౌరవం కలిగేది ఇలాంటప్పుడే.

పీతల దగ్గర మాత్రం నాకు మన బజారే కళ్ళ ముందు మెదిలేది. మండపీత అక్కడా ఉంది. 15 సెంటీమీటర్ల వెడల్పు దాటిన మగపీతనే ఉంచుకోవాలి, ఆడది ఎంత పెద్దదైనా వదిలెయ్యాల్సిందే. కాకినాడలోనో యానాంలోనో పీతల బుట్ట ముందు నిలబడితే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "గుడ్డు పీతలున్నాయా?" అని. నిండు గుడ్డు పీతకి రేటు ఎక్కువ. మా ఇంట్లోనూ అదే అడుగుతారు. రుచి గొప్పదే, కాదనను. కానీ ఏ సరుకు మానెయ్యాలో సరిగ్గా దానికే ఎక్కువ డబ్బిచ్చే అలవాటు మనది.

పులస గురించి అడగబోయేవాళ్ళకి ఇక్కడే చెప్పేస్తాను. అది గాలానికి పడే చేప కాదు. నీళ్ళలోని నలుసుల్లాంటి జీవాల్ని వడగట్టుకుని తింటుంది, ఎర కొరకదు. సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కి వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది, ఈలోగా వలలకి చిక్కుతుంది. దాని బాధలు దానికున్నాయి, మన పాపం మాత్రం అందులో లేదు.

మన పాపం ఉన్నది కొరమీను దగ్గర. కోనసీమ కాలవ గట్టు మీద పెరిగినవాడెవడైనా చిన్నప్పుడు వెదురు గడకి నైలాన్ దారం కట్టి, జీలుగు బెండు వేసి, పేడకుప్ప కింద తవ్విన వానపాములు గుచ్చి పరిగెలు, జెల్లలు, ఇసుకదొందులు పట్టినవాడే. అందులో ఎవరికీ నష్టం లేదు. ఆ చేపలు వరదకి వస్తాయి, వరదకి పోతాయి, పట్టినవి ఆ పూట పులుసుకి చాలవు కూడా. జెల్ల ముల్లు గుచ్చుకుని ఏడుస్తూ ఇంటికి రావడం ఒక్కటే అందులో ప్రమాదం.

కొరమీనుకి వేసే గాలం అలాంటిది కాదు. వానలు పడ్డాక చెరువు అంచున, తూడూ గుర్రపుడెక్కా కాస్త పక్కకి తొలిగిన చోట, నీటి మీద ఎర్రటి మచ్చ ఒకటి కదులుతూ ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది వందల పిల్లల గుంపు. అగ్గిపుల్ల అంత పిల్లలు, నారింజ రంగులో. ఒకటి పైకి వచ్చి గాలి పీల్చి మునుగుతుంది, దాని వెంట పది, దాని వెంట యాభై, గుంపు మొత్తం చిటపటలాడుతున్నట్టు ఉంటుంది. ఆ గుంపు కింద, మీకు కనపడకుండా, తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. కొరమీను పిల్లల్ని వదిలిపెట్టి పోయే రకం కాదు. కప్ప దూకినా, పాము వచ్చినా, మీరు కాలు పెట్టినా మీదికి వస్తుంది. ఆకలితో కాదు, కోపంతో.

ఇది తెలిసినవాడికి అంతకన్నా సులువైన వేట లేదు. బతికున్న కప్పని గాలానికి గుచ్చో, ఇప్పుడైతే ఆన్‌లైన్‌లో కొన్న రబ్బరు కప్పనో, ఆ మచ్చ మీద నుంచి రెండు మూడుసార్లు లాగితే చాలు. నీళ్ళు భళ్ళున పగులుతాయి. ఆ వీడియోలకి వ్యూసే వ్యూస్. నిమిషం తర్వాత మిగిలినదాన్నీ లాగేస్తారు. వీడియోలో చూపించనిది ఆ తర్వాత సాయంత్రం దాకా జరిగేది. కాపలా పోయిన గుంపు చెదిరిపోతుంది, జెల్లలు, పెద్ద చేపలు, కొంగలు, బుడుబుంగలు పిల్లల్ని ఏరుకు తినేస్తాయి. రెండు చేపల కూరకి వందల కొరమీన్లు పోయినట్టు. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది కొరమీనునే. దానికి ఇంతకన్నా నీచమైన చావు నేను చూడలేదు.

ఈ విషయంలో కొలత ఒక్కటే చాలదని ఒప్పుకుంటాను. పిల్లలతో ఉన్న కొరమీనుకి ఎంత పొడుగున్నా గాలం వెయ్యకూడదు, అంతే. దానికి ఏ ఆఫీసరూ అక్కర్లేదు, నీటి మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే పక్క చెరువుకి పోవడమే.

ఇక పట్టి వదిలెయ్యడం అనే మతం సంగతి. మన నగరాల్లో గాలం క్లబ్బులు వచ్చాక ఇది బాగా పాకింది. పట్టడం, చేత్తో ఎత్తి ఫొటో దిగడం, వదిలెయ్యడం, ఆ తర్వాత చేప తినేవాడిని అనాగరికుడిలా చూడడం. మా అమ్మమ్మ ఉంటే "వదిలేసేదానికి పట్టడం దేనికిరా, దాని నోరు చింపడానికా?" అనేది. ఆవిడ మాటకి జర్మనీలో చట్టం అండ ఉంది. అక్కడి 1972 నాటి జంతు సంరక్షణ చట్టం ప్రకారం వెన్నెముక ఉన్న ప్రాణికి సరైన కారణం లేకుండా నొప్పి కలిగించకూడదు. తినడానికి పట్టడం కారణమే. ఆట కోసం పట్టి వదలడం కారణం కాదంటారు. గాలం వెయ్యాలంటే అక్కడ ముందు పరీక్ష రాసి పాసవ్వాలి, చేపని ఎలా చంపాలో కూడా ఆ పాఠాల్లో ఉంటుంది.

ఇంగ్లండు దీనికి పూర్తిగా ఎదురు. కెంట్‌లో కానింగ్‌బ్రూక్ చెరువులో "టూ టోన్" అని పేరు పెట్టుకున్న కార్పు ఒకటి ఉండేది. దాన్ని ఒకరి తర్వాత ఒకరు పట్టడం, తూకం వెయ్యడం, వదలడం, ఇలా ఏళ్ళ తరబడి సాగింది. దాదాపు 68 పౌన్లు తూగిన ఆ చేప 2010లో చచ్చిపోతే జనం మనిషి పోయినంతగా బాధపడ్డారు. ఆ ప్రేమని నేను వెక్కిరించను. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మామూలు చేపలకి గాలం వెయ్యకుండా గమ్మునుండే క్రమశిక్షణ కూడా ఆ జనానిదే. అయితే ఒకే చేప నోట్లో అన్నిసార్లు ముల్లు గుచ్చడం ప్రేమ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

నేను అమ్మమ్మ వైపూ జర్మనీ వైపూ. తినడానికే పట్టాలి. పట్టాక హద్దుకి ఇటో అటో అయితే వదలాలి, వదిలేటప్పుడు బతికేలా వదలాలి. ఆ ఫొటోలో లాగా మొప్పల్లో వేళ్ళు పెట్టి వేలాడదీసిన పండుగప్పని తర్వాత నీళ్ళలో వేసినా పెద్దగా లాభం లేదు. అంత బరువు నీళ్ళలో ఉన్నంతసేపే దానికి బరువు కాదు, నిలువుగా లేపితే లోపలి అవయవాలు, దవడ కీలు దెబ్బతింటాయి. చేతులు తడుపుకోవాలి, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి అడ్డంగా పట్టుకోవాలి, వీలైతే అసలు నీళ్ళలోంచి తియ్యకుండానే గాలం ఊడదియ్యాలి. మూడు కొక్కేలుండే లూరు బదులు ఒంటి కొక్కెం వేస్తే ఈ పనంతా సగం తేలిక.

"నీ ఒక్క గాలంతో ఏమవుతుందిరా, వలలవాళ్ళు ఊడ్చేస్తుంటే?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో. నిజమే, దోమతెర లాంటి వలలతో రొయ్యపిల్లల కోసం ఉప్పుటేళ్ళు వడగట్టినప్పుడు పోయిన పండుగప్ప పిల్లలతో పోలిస్తే నా గాలం ఏపాటిది? కానీ వలలవాళ్ళకి ఇప్పటికే ఒక రూలుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. మంచి ఎండల్లో, పెళ్ళిళ్ళ సీజన్లో, వేరే ఆదాయం లేని కుటుంబాలు పడవలు కట్టేసి కూర్చుంటాయి. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 చేశారు, రెండు నెలల బతుకు దాంతో గడవాలి. సరిగ్గా అదే రోజుల్లో, చేప మీద ఒక్క పూట కూడా ఆధారపడని మనం విశాఖ రాళ్ళ మీద నిలబడి పార చేపల ఫొటోలు పెట్టుకుంటాం. చట్టప్రకారం తప్పు కాదు. కానీ రుషికొండ దగ్గర ఖాళీగా కూర్చున్న మత్స్యకారుడి ముందు నుంచి అంత ఖరీదు రాడ్డు భుజాన వేసుకుని నడవడం నాకు మొహం చెల్లదు. ఎవరి సంపాదన పోతోందో వాళ్ళకి రూలుండి, ఎవరికి అది కాలక్షేపమో వాళ్ళకి లేకపోవడం ఎక్కడి న్యాయం?

కొలత అనేది మన దేశంలో కుదరదు అనేవాళ్ళకి కేరళ చూపిస్తాను. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు లెక్కకట్టి ఇచ్చిన సిఫార్సుల మీద అక్కడ 58 రకాల సముద్ర జీవాలకి కనీస పరిమాణం పెట్టారు. కవ్వళ్ళంత చిన్న చేపకి కూడా 10 సెంటీమీటర్ల హద్దుంది. అదే సంస్థకి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. క్వీన్స్‌ల్యాండ్ అంకెలు మక్కీకి మక్కీ దించమని నేను అనను. మన నీళ్ళు వేరు, మన చేప పెరిగే వేగం వేరు కావచ్చు. గోదావరి పండుగప్ప ఎంత పొడుగులో ఆడదవుతుందో ఇక్కడి చేపల్నే కోసి చూసి తేల్చాలి. అందుకు కావలసిన చేపలు పట్టేది మనమే. పట్టిన తేదీ, చోటు, పొడుగు రాసి పెట్టుకుంటే అదే సగం పని.

రాసి పెట్టుకోవడం వల్ల ఏమవుతుందో కావేరిలో తేలింది. గాలిబోరె క్యాంపులో 1998 నుంచి 2012 దాకా మహసీర్ అనే పెద్ద ఏటి చేప కోసం వచ్చిన గాలంవాళ్ళ పట్టుల వివరాలు నమోదయ్యాయి. శాస్త్రవేత్తలు తర్వాత వాటిని తీసి చూస్తే, మూపురం ఉండే అసలు కావేరి మహసీర్ ఏటేటా తగ్గిపోతూ, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్క మహసీర్ దాని చోటు ఆక్రమించడం కనపడింది. 1946లో కావేరి ఉపనది కబినిలో 120 పౌన్లు తూగిన చేపని ఇచ్చిన జాతి ఆ మూపురం మహసీరే. ప్రపంచమంతా దాని పేరు చెప్పుకున్నా 2018 దాకా దాని శాస్త్రీయ నామం ఏమిటో తేలలేదు, తేలేసరికి అంతరించే అంచుకి చేరింది. ఆ లెక్క వలలవాళ్ళ దగ్గర లేదు, ప్రభుత్వం దగ్గర లేదు. సరదాకి గాలం వేసినవాళ్ళ పుస్తకాల్లో ఉంది.

చట్టం లేదని కూడా కాదు. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897లోనే నేరం చేశారు. నూట పాతికేళ్ళు దాటినా మడుగుల్లో తోటాలు పేలుతూనే ఉన్నాయి, ఇప్పుడు దానికి తోడు బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టి నీళ్ళకి కరెంటు ఎక్కించేవాళ్ళు తయారయ్యారు. కొత్త రూలు ఇంకోటి కాయితం మీద పెడితే అది కూడా 1897 పక్కన పడుకుంటుంది.

మా మావయ్య అన్నది కూడా అదే. ఆయన కొరమీను వేటలో ఊరికి పెద్ద. గట్టు మీద కూర్చుని నా ఉపన్యాసం అంతా విని, "సరే రా, పిల్లల మీదున్న చేపని నేను వదిలేసి వస్తాను. నా వెనకాల వచ్చేవాడు పట్టుకుపోతాడు. వాడింట్లో కూర, మా ఇంట్లో పప్పు. అంతేగా?" అన్నాడు. నేను చెప్పిన ఏ అంకె కన్నా ఈ ప్రశ్న గట్టిది. క్వీన్స్‌ల్యాండ్‌లో వెనకాల వచ్చేవాడి పెట్టె తెరిచేందుకు ఆఫీసరున్నాడు. మా చెరువుకి లేడు.

కానీ మా చెరువుకి సొసైటీ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో చాలా చెరువులు మత్స్యకార సహకార సంఘాల చేతిలో ఉన్నవే. పిల్లల్ని వదిలేది వాళ్ళు, రాత్రుళ్ళు కాపలా కాసేది వాళ్ళు, దొంగ వలలు పట్టుకుని పంచాయితీ పెట్టేదీ వాళ్ళే. బ్యాటరీవాడు వస్తే ముందు తెలిసేది కూడా వాళ్ళకే. అక్కడ గాలం వేసే మనలాంటివాళ్ళం ఇప్పుడు సగం దొంగల్లాగే ఉన్నాం. బోదకాలవ వైపు నుంచి దూరి, కాపలావాడు కేకేస్తే బండెక్కి పారిపోయే బాపతు. దానికి బదులు రోజు టిక్కెట్టు కట్టి దర్జాగా కూర్చుంటే, ఆ డబ్బు సొసైటీకి వెళ్తే, ఏ పొడుగు చేప ఎత్తుకెళ్ళాలో వాళ్ళే చెప్తే? మోండురాన్‌లో పర్మిట్ చేసే పని ఇదే. కాపలావాడికి మన పెట్టె తెరిచే హక్కు వస్తుంది, మావయ్య వెనకాల వచ్చేవాడికి కూడా అదే హక్కు వర్తిస్తుంది. వెదురు గడతో కూర కోసం కూర్చునే ముసలాయన్నీ బడి ఎగ్గొట్టిన పిల్లల్నీ ఇందులోకి లాగకూడదు. రీలున్నవాడికే టిక్కెట్టు అంటే చాలు, గీత తేలిగ్గా గీసినట్టే.

ఈ మాట తీసుకుని మొన్న సొసైటీ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా మొహం వైపు అనుమానంగానే చూశాడు. ముందు అడిగింది రోజుకి ఎంతమంది వస్తారని. తర్వాత, చేపలు పడకపోతే డబ్బులు వాపసు అడుగుతారా అని. ఆ తర్వాత సీసాలు తెచ్చుకుని గట్టు మీద కూర్చుంటే ఎవరు లేపాలి అని. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. "టిక్కెట్టు వెనకాల రాయిద్దాం" అంటే నవ్వాడు. కొరమీను పిల్లల సంగతి మాత్రం ఆయనకి నాకన్నా బాగా తెలుసు. తూర్పు గట్టు వైపు తూడులో ఎప్పుడూ గూళ్ళు పెడతాయట, వానాకాలం రెండు నెలలూ ఆ వైపు ఎవర్నీ రానివ్వకుండా తాడు కట్టించడం తనకి పెద్ద పని కాదన్నాడు. టిక్కెట్టు సంగతి సభ్యుల మీటింగులో పెడతానన్నాడు. ఈలోగా మా గ్రూపులో నుంచి ఎంతమంది కడతారో పేర్లు రాయించుకు రమ్మన్నాడు.